పెట్టె సంఘం, మా వీధి మగ్గాలు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం పెనుకొండ నుంచి హర్షిత ఫోన్ చేసింది. హర్షిత మా పద్మావతి టీచర్ మనవరాలు. ఉద్యోగం బెంగళూరులో, మనిషి మాత్రం సగం రోజులు పెనుకొండలో వాళ్ల అవ్వ ఇంట్లోనే ఉంటుంది. ఒళ్లో కంప్యూటర్, పక్కన బొరుగుల గిన్నె పెట్టుకుని అక్కడి నుంచే పని చేసేస్తుంది. "ఆంటీ, అటక దులుపుతాంటే ఒక క్యాసెట్ దొరికింది. పైన ‘ధర్మవరం, ఎక్కింది’ అని రాసుండాది. అవ్వనడిగితే నవ్వుతాది గానీ చెప్పదు. ఏమెక్కింది ఆంటీ, యాడికెక్కింది?" అని అడిగింది. నేను హిందూపురంలో మా వంటింట్లో బీరకాయలకు చెక్కు తీస్తున్నాను. ఆ రెండు మాటలూ రాసింది నేనే. ఎంత వత్తి రాశానంటే పాళీ దిగి కాగితం చిరిగింది, ఆ చిరుగు కూడా గుర్తొచ్చింది. ఆదివారం వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ పూట మా ఇంట్లో బీరకాయ కూర మాడిపోయింది.

ఫోన్‌లో ఆ పిల్లకు చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతాను. ఇప్పటి పిల్లలు కంప్యూటర్ అంటే ఏదనుకుంటారో అది కాదు మా దగ్గరున్నది. బడిపిల్లల పలకంత నల్ల పెట్టె. మీద మీటలు. దానికి సొంతంగా తెర లేదు, టీవీకి తగిలించుకోవాలి. జ్ఞాపకశక్తి అంతకంటే లేదు, కరెంటు పోయిందంటే పొద్దుటి నుంచి మనం చెప్పిందంతా మరిచిపోయి కొత్త పెళ్లికొడుకులా మొహం పెడుతుంది. రాసిన ప్రోగ్రాం దాచుకోవాలంటే దాన్ని శబ్దంగా మార్చి క్యాసెట్‌లోకి పంపాలి. మళ్లీ కావాలంటే ఆ క్యాసెట్‌ను పెట్టెకు వినిపించాలి. ఆ శబ్దం కోడిపిల్లలను గంప కింద మూసిపెట్టినట్టు ఒకటే కీచుకీచు. పెట్టె దాన్ని మొదటి నుంచి చివరిదాకా తప్పు లేకుండా వింటే తెర మీద ప్రోగ్రాం వచ్చేది. అప్పుడు అందరం ‘ఎక్కింది’ అని కేకపెట్టేవాళ్లం. మధ్యలో ఎక్కడైనా పరాయి శబ్దం కలిసిందా, ఎక్కదు. మనుషుల మీద అలిగే గుణం యంత్రాలకు ఉండదంటారు గానీ, దానికి ఉండేది.

ఆ పెట్టెను తెచ్చింది హిందూపురం బసవరాజన్న. బజారులో చిన్న రేడియో రిపేరు అంగడి ఆయనది. సగం తెలుగు, సగం కన్నడం, రెండింట్లోనూ కోపం. బెంగళూరులో ఎవరో వాడి వదిలేసిన పెట్టె ఉందని తెలిసి, తలా కొంత వేసుకుని కొందామని తెలిసినవాళ్లందరినీ అడిగాడు. అలా హిందూపురం నుంచి ఆయన, ఆయన స్నేహితులు, పెనుకొండ నుంచి పద్మావతి టీచర్, ధర్మవరం నుంచి నేను కలిశాం. కాగితం మీద మా పేరు ‘కంప్యూటర్ మిత్రమండలి’. వీధిలో వాళ్లకు మాత్రం మేము పెట్టె సంఘం. పెట్టె ఒక వారం హిందూపురంలో, ఒక వారం పెనుకొండలో, ఒక వారం ధర్మవరంలో ఉండాలి. ఆదివారం ఆదివారం అందరం పెనుకొండలో టీచర్ ఇంట్లో కలవాలి. రైలు దారిలో రెండు ఊళ్లకూ మధ్యలో ఉంది కాబట్టి పెనుకొండ. వచ్చేటప్పుడు పెట్టెతో పాటు ఎవరి వారంలో ఏం చేశారో ఆ క్యాసెట్ తేవాలి. ఇంతే మా చట్టం.

టీచర్ నాకు ధర్మవరం బడిలో లెక్కలు చెప్పింది, ఆ తర్వాత బదిలీ మీద పెనుకొండకు వెళ్లిపోయింది. డిగ్రీ చదువుతున్న నన్ను ఆమే పిలిపించింది. మా నాయన పట్టుచీరలు నేసే మనిషి. కోపం రాదు, మాటా రాదు. ఆడపిల్ల ప్రతి ఆదివారం రైలెక్కి పొరుగూరికి, అదీ మగవాళ్లున్న సంఘానికి పోవడమనేసరికి మాత్రం ఆయనకు మాట వచ్చింది. "వద్దు పాపా," అన్నాడు. ఆ ఒక్క మాటతో అయిపోయేదే. మూలన రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్న మా అవ్వ, "నేను తోడు పోతాలేరా," అంది. అవ్వకు కంప్యూటర్ మీద ప్రేమ అనుకునేరు. రైలు మీద ప్రేమ. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆమె రైలెక్కింది తిరుపతికి ఒకసారి, అంతే. ఇప్పుడు వారం వారం కిటికీ పక్కన కూర్చుని, దాటిపోయే ప్రతి గుట్టకూ ఒక పేరు పెట్టి, పెనుకొండలో దిగేసరికి ఆమె మొహం పండగ మొహంలా ఉండేది.

టీచర్ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. పొద్దున్నే బొరుగుల ఉగ్గాణి, దానికి తోడు మిరపకాయ బజ్జీలు, ఇత్తడి గ్లాసుల్లో కాఫీ. వాటన్నిటి కింద బసవరాజన్న ఏదో ఒక వైరు అతికిస్తుంటే కరిగే సీసం వాసన. నూనె చేతులతో మీటలు ముట్టుకుంటే టీచర్ ఊరుకునేది కాదు. తినే గది వేరు, పెట్టె గది వేరు, మధ్యలో చేతులు కడుక్కునే చెంబు. అవ్వ గడప మీద కూర్చుని రెండు గదులకూ కాపలా కాసేది. తెర మీద ఏదైనా కదిలితే, "అది మనం చెప్తే చేసిందా, దాని పాటికది చేసిందా?" అని అడిగేది. మనమే చెప్పామంటే, "అయితే పర్వాలేదు," అనేది. అంత పెద్ద ప్రశ్న అప్పుడు మాలో ఎవరికీ తోచలేదు. ఇప్పుడు పేపర్ తెరిస్తే అందరూ అదే అడుగుతున్నారు.

మా వారం వచ్చిందంటే నాకు ఒళ్లు తెలిసేది కాదు. ముందు గదిలో నాయన కాళ్లు దించి కూర్చుని నేసే మగ్గం గుంత, వెనక గదిలో అమ్మ వంట, మధ్యలో ట్రంకు పెట్టెల మీద ఒక పాత టీవీ. బొమ్మ కంటే చుక్కలెక్కువ వచ్చే ఆ టీవీ ఎదురుగా చాప పరుచుకుని కూర్చునేదాన్ని. నేను పెట్టుకున్న పని తెలుగు అక్షరాలు. పెట్టెకు ఇంగ్లీషు తప్ప రాదు. గళ్లు నింపి బొమ్మలు గీయమంటే గీస్తుంది. గళ్లు నింపడం మాకు కొత్తా? చీర అంచు కోసం నాయన తెచ్చే గళ్ల కాగితాల మీద చిన్నప్పటి నుంచి హంసలు, మామిడి పిందెలు నింపినదాన్నే. అదే కాగితం మీద ‘హి’ నింపాను, ‘ప’ నింపాను, ‘ధ’ దగ్గర మూడు రోజులు ఏడ్చాను. మూడు ఊళ్ల పేర్లూ తెలుగులో తెర మీద రావాలి, వాటి కింద మా ధర్మవరం చీర అంచు రావాలి. అది నా కల. పెద్ద కలలు కనడానికి వయసు చాలక కాదు, అంతకంటే పెద్దది నిజంగానే తోచలేదు.

కానీ నా క్యాసెట్ ఒక్కటీ ఎక్కేది కాదు. ఇంట్లో టైపు చేసినప్పుడు తెర మీద అంతా బాగానే వచ్చేది. క్యాసెట్‌లో దాచి పెనుకొండకు తీసుకుపోతే పెట్టె సగం విని మూతి ముడుచుకునేది. మా టేప్ రికార్డర్‌కు వైరు గుచ్చే బెజ్జం లేదు, ఇంట్లోనే పెట్టెకు వినిపించి చూసుకునే వీలూ లేదు. అందుకని బసవరాజన్న ఒక చిన్న స్పీకర్ చేసిచ్చాడు. పెట్టె నుంచి వైరు స్పీకర్‌కు వస్తుంది, స్పీకర్‌ను రికార్డర్ మైకు దగ్గర ఆనించి పెట్టి, బయటి శబ్దం పడకుండా రెండింటి మీదా బొంత కప్పాలి. నేను పొల్లుపోకుండా అలాగే చేసేదాన్ని. ఆయన స్పీకర్ మార్చాడు, వైరు మార్చాడు, కొత్త క్యాసెట్ తెచ్చాడు. అయినా ఎక్కలేదు. పెనుకొండలో వైరు గుచ్చితే రికార్డర్ నోరు మూసుకుని పెట్టెకు మాత్రమే వినిపిస్తుంది కాబట్టి ఆ క్యాసెట్‌లో ఏముందో మనుషులెవరూ చెవులతో వినలేదు. చివరికి బసవరాజన్న విసిగిపోయాడు.

"అందరం దుడ్లు పెట్టి కొన్యాం. మీ ఊరికి పోయొచ్చిన క్యాసెట్టు ఒక్కటన్నా ఎక్కిందా, చెప్పమ్మా," అన్నాడు ఒక ఆదివారం. "మీ ఇంట్లో పట్టు నూగు, మగ్గం అదురు. పెట్టె పాడైతాండాదేమో. ఇంగ అది ఈ పెనుకొండలో, మా ఊర్లోనే ఉండనీ. నువ్వు ఈడికే వచ్చి చేసుకో."

ఆదివారం రెండు గంటల్లో, పదిమంది మధ్యలో నా వంతు ఎప్పుడొస్తుంది? మూడు వారాలకొకసారి పెట్టె నా ముందు ఉండబట్టే నేను నేర్చుకున్నది. అది పోతే నాకు మిగిలేది కండెలు చుట్టడం, పెళ్లి మాటలు వినడం. క్యాసెట్ చేతిలోకి తీసుకుని తల వంచుకున్నాను. టీచర్ చూసింది. "వచ్చే వారం వీళ్లదే కదా. ఆ ఒక్కసారి చూద్దాం బసవరాజూ. అప్పుడూ ఎక్కకపోతే నీ మాటే," అంది. ఆయన సరేనన్నాడు. తిరుగు రైలులో అవ్వ గుట్టలకు పేర్లు పెట్టలేదు. "అయితే నాకు రైలు ల్యానట్లేనా?" అంది.

ఆ వారమంతా గళ్ల కాగితాల మీదే సరిచూసుకుని, శనివారం తెల్లవారుతూనే టైపు చేయడానికి కూర్చున్నాను. తిండికి లేవలేదు, అమ్మ సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి పక్కన పెట్టి పోయింది. మధ్యాహ్నం దాటేసరికి చివరి గళ్ల వరస పడింది. తెర మీద మూడు పేర్లు, కింద అంచు. చూసి నాకే నమ్మకం కలగలేదు. ఇంక దాచడమే మిగిలింది. బొంత తెచ్చి కప్పబోతుంటే వాకిట్లో పద్మావతి టీచర్! వాళ్ల చెల్లెలి కూతురి పెళ్లికి చీరలు తీసుకోవడానికి ధర్మవరం వచ్చి, పనిలో పనిగా నన్ను చూసిపోదామని వచ్చింది. నాయన గుంతలోంచి లేవబోతే, "మీరు నేయండన్నా, నేను పాప దగ్గరికొచ్చినా," అని లోపలికొచ్చి చాప మీద కూర్చుంది. తెర చూసి చప్పట్లు కొట్టింది. తర్వాత స్పీకర్ చూసింది, బొంత చూసింది, నన్ను చూసింది.

"ఇట్లనా నువ్వు క్యాసెట్ చేసేది?"

"అవును టీచర్. అన్న చెప్పినట్లే."

"ఈ శబ్దంలోనా?"

"ఏం శబ్దం?" అన్నాను.

నిజంగానే అడిగాను. టీచర్ నా మొహంలోకి చూసింది, నేను ఎగతాళి చేస్తున్నానేమోనని. అవ్వ వైపు తిరిగింది. అవ్వ రాట్నం తిప్పుతూనే, "ఏం శబ్దమమ్మా? ఏమీ లేదే," అంది. అప్పుడు టీచర్ నా చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకుపోయి నిలబెట్టింది. "విను," అంది. మా నాయన మగ్గం. ఎదురింటి నారాయణప్ప మగ్గం. పక్కింట్లో రెండు. ఆ పక్కన, ఆ వెనక, వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా టకటక, టకటక. ఎప్పుడో ఉయ్యాలలో ఉన్నప్పుడు నా చెవిలో పడి అక్కడే ఉండిపోయిన శబ్దం. మేం బొంత కప్పి కాపాడింది దేని నుంచి? కుక్కల అరుపుల నుంచి, సైకిల్ బెల్లుల నుంచి. మగ్గాన్ని మేము శబ్దం కిందే లెక్కపెట్టలేదు. మూడు ఊళ్లలో ఇంకెవరైనా అయితే మొదటి రోజే చెప్పేవాళ్లు. చెప్పలేనిది మేమే.

"రాత్రి మగ్గాలు నిలిచినాక చెయ్యకూడదా?" అంది టీచర్. నేను తల అడ్డంగా ఊపాను. దీపాలు పెట్టేవేళకు పొలాల్లో మోటార్లు వేస్తారు, ఓల్టేజీ పడిపోతుంది, తెర ముడుచుకుపోయి పెట్టె అంతా మరిచిపోతుంది. ఇంకో చోటికి తీసుకుపోదామంటే వైరు పీకిన క్షణాన ప్రోగ్రాం గాలికి పోతుంది. మా వీధి మగ్గమెక్కని రోజు అమావాస్య ఒక్కటే, దానికింకా చాలా రోజులుంది. తెల్లవారితే పెనుకొండ. నేను గుంత అంచున కూర్చుని, "నాయనా, రోంచేపు మగ్గం నిలుపుతావా? వీధిలో అందరినీ నిలపమని అడుగుతావా?" అన్నాను.

పోగును అటూ ఇటూ తోసే నాడె ఆయన చేతిలోనే ఆగింది. "తెలిసే అడుగుతాండావా పాపా?" అన్నాడు. తెలియక కాదు. మా వీధిలో పనిరోజున మగ్గాలన్నీ ఒక్కసారి ఆగేది మనిషి పోయినప్పుడే. ఎవరైనా పోతే ముందు ఆ ఇంటి మగ్గం ఆగుతుంది, అది విని పక్కిల్లు, అది విని ఆ పక్కిల్లు. శవం వీధి దాటిన తర్వాతే మళ్లీ నాడె కదిలేది. మంచిగా బతికున్న ఇంట్లోంచి పోయి మగ్గాలు నిలపండి అని అడగడమంటే చావును కాఫీకి పిలిచినట్టే. "నేనడగలేను," అన్నాడు నాయన. కోపం లేదు గొంతులో. అందుకే ఇంకేమీ అనబుద్ధి కాలేదు.

అవ్వ రాట్నం ఆపింది. మోకాళ్ల మీద చేతులు పెట్టి లేచి, చీర దులుపుకుని, చెప్పులు కూడా లేకుండా వీధి మధ్యలోకి పోయి నిలబడింది. "ఏమప్పా నారాయణప్పా! యల్లమ్మా! అందరూ రోంత బయటికి రాండి," అని పిలిచింది. ఆ గొంతుకు తలుపులు తెరుచుకోకుండా ఎలా ఉంటాయి?

"నా మనవరాలికి అన్నం ఉడికేంత సేపు శబ్దం లేకుండా కావాల. మగ్గాలు నిలపండి."

"యాల పెద్దమ్మా? ఎవురన్నా..." అని నారాయణప్ప మాట మింగాడు.

"ఎవురూ పోలేదు. నేనే పోయినాననుకో."

"అట్లనద్దు పెద్దమ్మా, మంచిది కాదు."

"ఇనప్పా. రేపన్నా ఎల్లుండన్నా నేను పోయేదాన్నే కదా. పోయినపుడు మీరు నాకోసరం మగ్గాలు నిలుపుతారు గదా. ఆ పొద్దు నిలపద్దండి. మీ పాటికి మీరు నేసుకుంటాండండి. ఆ నిలిపేదేదో ఈ పొద్దు నిలపండి. సచ్చినాక నాకేం వినపడతాదా? ఇప్పుడైతే ఈ బిడ్డకు పనికొస్తాది."

వీధిలో ఎవరూ కదల్లేదు. ఎవరు ముందు ఆపినా ముసలామె చావుకు వాళ్లు ఒప్పుకున్నట్టే కదా. అందరూ మా ఇంటి వైపు చూస్తున్నారు. మా నాయన మగ్గం నిలిపి గుంతలోంచి పైకి వచ్చాడు. భుజం మీది తువ్వాలు తీసి ఒకసారి మొహం తుడుచుకున్నాడు. పోయి వీధిలో వాళ్లమ్మ పక్కన నిలబడ్డాడు. నారాయణప్ప లోపలికి పోయి, ఇంట్లోవాళ్లు నేస్తున్న మగ్గం నిలిపించాడు. తర్వాత పక్కిల్లు. తర్వాత ఒక్కొక్కటిగా వీధి చివరిదాకా.

నేను మీట నొక్కాను. బొంత కింద కోడిపిల్లలు అరవడం మొదలుపెట్టాయి. ఆ కొద్దిసేపట్లో నేను విన్నవి అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. మా గోడ గడియారం టిక్కుటిక్కుమంటుందని ఆ రోజే తెలిసింది. తొట్టిలో నీటి బొట్లు, చూరులో పిచ్చుకలు, ఎక్కడో స్టేషన్లో బండి కూత. కూత వినగానే ఇదీ పోయిందనుకున్నాను గానీ అది బొంత దాకా రాలేదు. వీధి నిశ్శబ్దం విని వెనక వీధి వాళ్లు పరుగెత్తుకొచ్చారు. నాయన మాట్లాడకండని చేత్తో సైగ చేశాడు. వాళ్లకు అర్థమైంది వేరు. భుజాల మీది తువ్వాళ్లు తీసేసి, చేతులు కట్టుకుని, తలలు వంచి నిలబడిపోయారు. ఎదురుగా అరుగు మీద మా అవ్వ, ఎవరి కోసం తలలు వంచారో ఆ మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటోంది. టీచర్ కళ్లలో నీళ్లు, అవి నవ్వు నీళ్లో మరొకటో చెప్పలేను.

అయిపోయిందని నేను తల ఊపితే, అవ్వ లేచి, "ఇంగ కానీండప్పా, నేను బతికినా," అని కేకేసింది. వీధంతా ఒక్కసారి నవ్వింది. మగ్గాలు ఒక్కొక్కటీ మొదలయ్యాయి. వెనక వీధి వాళ్లకు సంగతి చెప్పి, తిట్లు తిని, పంపించేసరికి నాయనకు ఆలస్యమైంది. మా మగ్గం అన్నిటికంటే చివర మొదలైంది. నేను ఆ సంబరంలో టేప్ ఆపడం మరిచిపోయాను. ఎప్పుడు ఆపానో ఇప్పటికీ గుర్తు లేదు.

మర్నాడు పెనుకొండలో బసవరాజన్న క్యాసెట్ పెట్టి, వైరు గుచ్చి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎవరూ బజ్జీ ముట్టలేదు. తెర మీద గీతలు పరిగెత్తాయి, ఆగాయి, నల్లబడింది. తర్వాత పైనుంచి ఒక్కొక్క గడీ నిండుతూ, హిందూపురం. పెనుకొండ. ధర్మవరం. కింద హంసల అంచు. బసవరాజన్న మూడు పేర్లూ బడిపిల్లవాడిలా పైకి చదివాడు. నా వైపు చూడలేక తెర వైపే చూస్తూ, "మా ఊరు పైన పెట్టినావు కదా, ఇంగ నాకేం పేచీ లేదు," అన్నాడు. టీచర్ మగ్గాల సంగతి చెప్పిన తర్వాత మాత్రం ఆయన నవ్వు ఆగలేదు. "మీకు వినపడనే లేదా? నిజంగా?" అని ఎవరిళ్లకు వాళ్లం పోయేదాకా అడుగుతూనే ఉన్నాడు. క్యాసెట్ మీద ఆ రెండు మాటలు నేను అప్పుడే రాశాను, టీచర్ దాన్ని దాచుకుంది. పెట్టె మా ఊరికి వస్తూనే ఉంది, అవ్వ రైలెక్కుతూనే ఉంది. ఆ తర్వాత హిందూపురంలో కాలేజీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చి, రిటైరయ్యేదాకా చేశానంటే, దాని మొదలు ఆ శనివారమే.

అవ్వ తర్వాత కొన్నేళ్లకు, కండెలు చుడుతూ చుడుతూ పక్కకు ఒరిగి పోయింది. ఏడుపులు వినగానే నారాయణప్ప మగ్గం ఆగింది, అలవాటు కదా. నాయన వాకిట్లోకి పోయి నిలబడ్డాడు. "మాయమ్మ ముందే వాడుకునింది కదప్పా. నేయండి," అన్నాడు. నారాయణప్ప ఏడుస్తూనే పోయి గుంతలో కూర్చున్నాడు. మా వీధిలో అలా ఎప్పుడూ జరగలేదు. అవ్వను మోసుకుపోతుంటే రెండు వైపులా ప్రతి ఇంట్లో మగ్గం మోగుతూనే ఉంది. ఏ మేళమూ అంత బాగా ఉండదు. ఆ రోజు ఆ శబ్దం నేను చెవులారా విన్నాను.

చెప్పినట్టే ఆ ఆదివారం రైలులోనే పోయాను పెనుకొండకు. గుట్టలు అవే, పేర్లు కొన్ని గుర్తున్నాయి. టీచర్ ఇంటి ముందు చెప్పుల గుంపు చూసి ఏదో శుభకార్యమనుకున్నాను. పరిగి నుంచి, ముదిగుబ్బ నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన పిల్లలు. హర్షిత, ఆమె స్నేహితులు కలిసి ఆదివారం ఆదివారం వాళ్లకు కంప్యూటర్ పని నేర్పిస్తున్నారట. ఎవరు చెప్పారు ఆదివారమని? ఎవరూ చెప్పలేదట, అదే కుదిరిందట. ఉగ్గాణి ఉంది, చేతులు కడుక్కునే చెంబు స్థానంలో కుళాయి ఉంది. ముదిగుబ్బ గొర్రెల వాళ్ల పాప ఒకతె ఫోన్‌తో మాట్లాడితే అది తెలుగులో రాసి చూపించింది. ‘ధ’ దగ్గర మూడు రోజులు ఏడ్చిన మనిషిని, నాకు కొంచెం కుళ్లు కూడా పుట్టింది. అబద్ధమెందుకు? కానీ ఆ పాప తప్పు వచ్చిన చోట నాలుక కరుచుకుని మళ్లీ మొదలుపెట్టిన తీరు చూసి కుళ్లు పోయింది. ఆ మొహం నాకు తెలుసు. మాకు మూడు ఊళ్లవాళ్లకు ఒక్క పెట్టె, వీళ్లలో సగం మంది చేతిలో తలా ఒకటి. మారనిదల్లా పక్కవాడి భుజం మీదుగా తొంగి చూడడమే.

మా వీధిలో ఇప్పుడు చేతిమగ్గాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మరమగ్గాల మోత వేరు. నాయన లేడు, గుంత పూడ్చి బండలు పరిచారు. బాధ లేదా అంటే ఉంది. అయినా ఆ బండల మీద కూర్చుని మా తమ్ముడి కూతురు చీరల అంచులు కంప్యూటర్‌లో గీస్తుంది. గళ్లు మాత్రం అవే గళ్లు.

పద్మావతి టీచర్‌కు ఇప్పుడు వినపడదు. చెవికి పెట్టుకునే మిషన్ ఉంది గానీ, అది కీచుమంటుందని డబ్బాలో పెట్టేస్తుంది. కుర్చీలో కూర్చుని నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. హర్షిత ఎక్కడి నుంచో ఒక పాత టేప్ రికార్డర్ తెచ్చింది, అప్పటి పెట్టెలా నడిచే ప్రోగ్రాం ఒకటి తన కంప్యూటర్‌లో పెట్టింది, అందరికీ వినపడాలని స్పీకర్ కూడా తగిలించింది. క్యాసెట్ తిరిగింది. కోడిపిల్లలు అరిచాయి, పిల్లలు చెవులు మూసుకుని నవ్వారు. తెర మీద గీతలు పరిగెత్తి, సగంలో ఆగిపోయాయి. ఎక్కలేదు. ఇన్నేళ్లు అటక మీద ఎండకు ఉడికిన టేపు, ఇంకేం చేస్తుంది? హర్షిత మొహం చిన్నబోయింది. కీచుకీచు అయిపోయి స్పీకర్‌లో నిశ్శబ్దం. ఎవరో ముసలామె కేక, చాలా దూరం నుంచి. నవ్వులు. తర్వాత ఒక మగ్గం. ఇంకొకటి. ఆ పక్కన ఇంకొకటి.

నాకు తెలియకుండానే ఆమె చెయ్యి నొక్కాను కాబోలు, టీచర్ నా వైపు తిరిగింది. "ఏం శబ్దం వేణీ?" అంది.

నేను ఆమె అరచెయ్యి తిప్పి, నా వేళ్లతో దాని మీద కొట్టాను. టకటక, టకటక. కొంచెంసేపు కళ్లు మూసుకుంది. తర్వాత ఆ ముడతల మొహమంతా నవ్వైపోయింది. "మగ్గాలా! మరి మగ్గాలు మోగుతాంటే యాడెక్కుతాది? నీకింకా వినపడదా ఏం?"

"ఇప్పుడు వినపడతాది టీచర్," అన్నాను, ఆమెకు వినపడదని తెలిసీ.

గొర్రెల వాళ్ల పాప మా మధ్యకు తల దూర్చి, "ఇంగోసారి మొదట్నుంచి పెడదామక్కా, ఈసారి ఎక్కుతాదేమో," అని హర్షితను తొందరపెట్టింది. హర్షిత వేలు ఆపే మీట మీదికి పోయింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

"పెడుదురులే. రోంచేపుండండి," అన్నాను. "మా మగ్గం ఇంకా మొదలు కాలేదు."